కలివి కోడి కోసం వెతకడం: అనుమతి కాగితం నుంచి ఆధారం దాకా

కలివి కోడిని (జెర్డాన్స్ కోర్సర్ అనే చాలా అరుదైన పక్షిని) వెతకాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని పొదల అడవిలో దాని కూత మళ్లీ రికార్డయిన దగ్గర్నుంచి మరీ ఎక్కువయ్యారు. అంతకుముందు పదిహేనేళ్లకు పైగా గట్టి ఆధారం దొరకలేదు. ఇక లేదేమో అన్న మాట పక్షి ప్రేమికుల నోట తరచూ వినపడేది.

అడిగేవాళ్లలో ఎక్కువమంది పెద్ద లెన్సు కెమెరా, మంచి టార్చ్ సిద్ధం చేసుకుని ఉంటారు. ఈ పక్షి విషయంలో ఆ రెండూ చివర్లో పనికొచ్చేవి. ఇది రాత్రి తిరిగే పక్షి, పొదల మధ్య నేల మీద నడుస్తుంది, అలికిడైతే ఎగరకుండా పరుగెత్తి పొద చాటుకు పోతుంది. ముందు చెవి, ఆ తర్వాత మట్టి మీది అడుగులు, కన్ను ఆ తర్వాతే. కింది పద్ధతంతా ఈ వరసలోనే ఉంటుంది.

## 1. ఇల్లు కదలక ముందు: రూపం, కూత

కలివి కోడి సుమారు 27 సెంటీమీటర్ల పక్షి. గుర్తుపట్టడానికి ఇవి చాలు:

- ఛాతీకి అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, మధ్యలో తెలుపు
- గొంతు మీద నారింజ, ఇటుక రంగులు కలిసిన మచ్చ
- కంటి పైన వెడల్పాటి తెల్లని గీత, నడినెత్తి ముదురు రంగు
- ముక్కు మొదట్లో పసుపు, కొన నలుపు
- ముఖానికి పెద్దవి అనిపించే కళ్లు

ఛాతీ మీద రెండు పట్టీలు కనపడకపోతే, మిగతావి ఎంత సరిపోయినట్టు అనిపించినా 'అవును' అని రాయకండి. పగటిపూట బయలు నేలల్లో కనిపించే ఇండియన్ కోర్సర్ దీనికి దగ్గరి చుట్టమే. దాని ఛాతీ అంతా ఒకే ఇటుక రంగు, పట్టీలుండవు.

రూపం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. కూతకు మాత్రం వారాలు పట్టాలి. 'ట్విక్-టూ, ట్విక్-టూ' అని రెండు ముక్కల కూత, సెకనుకు ఒకసారి చొప్పున. ఒక వరసలో రెండు నుంచి ఇరవై దాకా ఉండొచ్చు, ఆపైన నిశ్శబ్దం. ఎక్కువగా వినపడేది సూర్యుడు అస్తమించిన 45 నిమిషాల నుంచి 70 నిమిషాల లోపు. 6:10కి అస్తమిస్తే 6:55 నుంచి 7:20 వరకన్నమాట. రోజంతటికీ మీ చేతిలో ఉండేది ఆ పాతిక నిమిషాలే.

దాంతో పాటు అదే అడవిలో రాత్రిపూట అరిచే మిగతావాటిని కూడా నేర్చుకోవాలి. నిజానికి ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. తీతువులు చీకట్లోనూ అరుస్తాయి. కౌజులు మసక చీకటి దాకా కూస్తూనే ఉంటాయి. స్టోన్ కర్లూ పొడవాటి ఈల వేసి గొంతు పెంచుకుంటూ పోతుంది. ఇండియన్ నైట్‌జార్ కూత గులకరాయి గచ్చు మీద గెంతుతూ పోయి ఆగినట్టుంటుంది. ఈ నాలుగింటినీ కళ్లు మూసుకుని చెప్పగలిగితే ఐదోది వినపడినప్పుడు మీకే తెలుస్తుంది.

నా మొదటి ప్రయాణంలో కలివి కోడి రికార్డింగ్ ఒక్కటే వందసార్లు విని వెళ్లాను. మొదటి రాత్రే దూరంగా పసుపు తీతువు అరిస్తే, అదేనని నమ్మి మూడు రోజులు ఆ ఒక్క చోటే గడిపాను. వేరే రెండు మంచి చోట్లకు ఉంచుకున్న సమయం అలా పోయింది.

## 2. అనుమతి

ఈ పక్షి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో ఉంది. దాని కోసం ప్రకటించిన కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. వన్యప్రాణుల అధ్యయనానికి, ఫోటోలకు ప్రవేశ అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది.

దరఖాస్తులో ఏ తేదీలు, ఎంతమంది, ఏ పరికరాలు, ఏ రేంజి (అటవీశాఖ అడవిని విభజించిన భాగం), సమాచారం ఎవరికి ఇస్తారు అన్నవి స్పష్టంగా రాయండి. రాత్రిపూట ఉంటామని, రికార్డర్లు, ట్రాప్ కెమెరాలు (ఎదుట కదలిక ఉంటే వాటంతటవే ఫోటో తీసేవి) పెడతామని, అడుగు గుర్తులు పడేలా మట్టి పట్టీలు వేస్తామని విడివిడిగా పేర్కొనండి. పగటి ప్రవేశానికి ఇచ్చిన కాగితం రాత్రికి చెల్లుతుందని మీకు మీరే అనుకోవద్దు.

లంకమల ఎర్రచందనం అడవి కూడా. చీకటి పడ్డాక అక్కడ టార్చ్ వెలుగు కనపడితే సిబ్బందికి ముందు వచ్చే ఆలోచన స్మగ్లర్లే. అందుకే ప్రతి సాయంత్రం ఏ బీట్‌లో (రేంజిలో ఒక్కో ఉద్యోగి కాపలా కాసే భాగం) ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో రేంజి ఆఫీసుకు చెప్పి వెళ్లాలి. బీట్ ఉద్యోగి ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది. ఆ దారులు, ఆ చప్పుళ్లు ఆయనకు మీకంటే బాగా తెలుసు.

## 3. చోటు ఎంచుకోవడం

దట్టమైన అడవిలో ఇది ఉండదు, పూర్తి బయలులోనూ ఉండదు. పొదలూ, వాటి మధ్య నడవడానికి వట్టి నేలా రెండూ కావాలి. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టే ఆ పేరు. రేగు, తుమ్మ జాతి ముళ్ల పొదలూ ఉంటాయి.

ఎంత పలచన, ఎంత దట్టం అన్నదానికి పరిశోధకులు తేల్చిన లెక్క ఉంది. రెండు మీటర్ల కంటే ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700, అంతకంటే చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న చోట్ల ఈ పక్షి ఉండే అవకాశం ఎక్కువ. హెక్టారంతా లెక్కపెట్టే పనిలేదు:

1. తాడుతో 10 మీటర్లు × 10 మీటర్ల చదరం గీయండి. అది హెక్టారులో నూరో వంతు.
2. అందులో రెండు మీటర్ల ఎత్తు దాటిన పెద్ద పొదలు లెక్కపెట్టండి. 3 నుంచి 7 ఉండాలి.
3. చిన్న పొదలు లెక్కపెట్టండి. 10 దాటకూడదు.
4. వంద అడుగులు పక్కకు జరిగి మళ్లీ చేయండి. ఒక్కో చోట కనీసం ఐదు చదరాలు.

ఐదింట్లో మూడు సరిపోతే ఆ చోటు జాబితాలోకి. ఒక్కటే సరిపోతే వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే.

ముందుగా ఉపగ్రహ చిత్రాల్లో చూసుకుంటే తిరుగుడు తగ్గుతుంది. చుక్కలు చుక్కలుగా పచ్చదనం, మధ్యలో లేత మట్టి రంగు కనిపించే ముక్కలు మీకు కావాలి. చిత్రం తేదీ తప్పక చూడండి. నాలుగేళ్ల కిందటి చిత్రంలో పొదలున్న చోట ఇప్పుడు నిమ్మతోట ఉండొచ్చు, కాలువ తవ్విన మట్టి దిబ్బ ఉండొచ్చు.

అందరూ 1986లో ఇది మళ్లీ దొరికిన కడప జిల్లా రెడ్డిపల్లి చుట్టుపక్కలకే పోతారు. నా ఉద్దేశంలో కొత్తగా వెతికేవాళ్లు దానికి కాస్త దూరం జరగాలి. పాత రికార్డుల్లో నెల్లూరు, అనంతపురం ప్రాంతాలున్నాయి, గోదావరి లోయలో భద్రాచలం, మహారాష్ట్రలోని సిరొంచా ఉన్నాయి. ఆ వైపు పొదల అడవుల్లో పద్ధతి ప్రకారం రాత్రిళ్లు కూర్చున్నవాళ్లు చాలా తక్కువ. అభయారణ్యం హద్దుకు బయట ఉన్న పొదల నేలలను కూడా చిన్నచూపు చూడకండి.

## 4. ఊళ్లో అడగడం

1900 తర్వాత 86 ఏళ్ల పాటు ఇది శాస్త్రవేత్తలకు కనపడలేదు. అక్కడి వేటగాళ్లకు, కాపరులకు మాత్రం పేరుతో సహా తెలుసు. 1986లో దాన్ని పట్టి చూపించింది కూడా అక్కడి మనిషే. కాబట్టి మేకల కాపరులు, కట్టెలకు వెళ్లేవాళ్లు, ఒకప్పుడు ఉచ్చులు వేసిన పెద్దవాళ్లు, వీళ్లను కలవకుండా అడవిలోకి వెళ్లొద్దు.

ఎలా అడుగుతామన్నది ముఖ్యం. ఫోటో చూపించి "ఈ పిట్టను చూశావా అన్నా?" అంటే, అంత దూరం నుంచి వచ్చినవాళ్లను నిరాశపరచడం ఇష్టం లేక "ఆ, చూశా" అంటారు. ఇలా అడగండి:

- "తాతా, పొద్దుగూకినాక నేల మీద తిరిగే పిట్టలు ఈ పక్క ఏమేం ఉంటాయి?" అని మొదలుపెట్టి, వాళ్లనే పేర్లు చెప్పనివ్వండి.
- ఎట్లా అరుస్తుందో అరిచి చూపించమనండి. ఒప్పుకుంటే రికార్డు చేసుకోండి.
- చివర్లో ఎనిమిది పది పక్షుల బొమ్మలు కలిపి చూపండి. ఆ ప్రాంతంలో అసలు ఉండనివి రెండు అందులో పెట్టండి. వాటినీ చూశానంటే ఆ జవాబును పక్కన పెట్టాలి.
- ఎప్పుడు చూశారన్నది ఏడాదితో అడగొద్దు. "పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?" అంటే సరైన లెక్క వస్తుంది.

పక్షిని చూపిస్తే డబ్బులిస్తామని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఎవరో ఒకరు ఉచ్చు వేస్తారు. 1986లో పట్టిన పక్షి బతకలేదన్నది గుర్తుంచుకోండి. రోజు కూలి పోగొట్టుకుని మీ వెంట వచ్చే మనిషికి మాత్రం ఆ కూలి, ఇంకాస్త కలిపి, పక్షి కనపడినా కనపడకపోయినా ఇవ్వాలి.

## 5. మట్టి పట్టీలు

పక్షి మీకు కనపడకపోయినా దాని కాలి గుర్తు కనపడుతుంది. కలివి కోడి విషయంలో ఈ పద్ధతి ఇంతకుముందే పనిచేసింది. పట్టీల దగ్గర పెట్టిన ఆటోమేటిక్ కెమెరాల్లో అది ఫోటోలకు కూడా దొరికింది.

1. రెండు పొదల మధ్య పక్షి సహజంగా నడిచే సందు చూసుకోండి. సుమారు 5 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు.
2. రాళ్లు, ముళ్లు, ఎండుటాకులు తీసేయండి. మొక్కలు పీకొద్దు.
3. అదే చోటి మట్టిని జల్లెడ పట్టి, వేలి గోరు మందాన పరవండి. బయటి మట్టి తేవద్దు.
4. చెక్కతో సాపు చేయండి. మీ వేలితో నొక్కి చూడండి. గీతలు స్పష్టంగా పడితే మట్టి సరిపోయినట్టు.
5. సాయంత్రం పొద్దు వాలకముందే సాపు చేసి వచ్చేయండి.
6. తెల్లవారగానే, మేకలు రాకముందే వెళ్లి చూడండి. ఏటవాలు ఎండలో గుర్తులు బాగా కనపడతాయి. తొమ్మిది దాటితే నీడ పోయి ఏమీ తెలియదు.

గుర్తు దొరికితే మొదట చూడాల్సింది వెనక వేలు. కోర్సర్ జాతి పక్షులకు అది ఉండదు, మూడు వేళ్లూ ముందుకే. కౌజు, పూరేడు, నెమలి వీటన్నిటికీ వెనక వేలుంటుంది. అది స్పష్టంగా పడితే విషయం అక్కడితో తేలిపోయింది. అది లేనంత మాత్రాన కలివి కోడి అయిపోదు. స్టోన్ కర్లూకూ వెనక వేలు లేదు, కాకపోతే అది పెద్ద పక్షి, అడుగూ పెద్దదే. తీతువు వెనక వేలు మరీ చిన్నది, నేలకు తాకకపోవచ్చు.

అందుకని ప్రతి గుర్తునూ స్కేలు పక్కన పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయండి. ఒక్క అడుగు చాలదు, వరసగా నాలుగైదు అడుగులు, మధ్య దూరంతో సహా. బాగా పడినదాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసుకోవచ్చు. అడుగు గుర్తుతోనే పక్షి ఉందని ప్రకటించొద్దు. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పేంత వరకే దాని పని.

ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో పట్టీలు నిలవవు. పొడి నెలల్లో వేయండి.

## 6. సాయంత్రం వినడం

వినడానికి వెళ్లే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఈ పక్షి ఉండే అవకాశమే లేని ఒక మైదానంలో, మీ స్నేహితుడు ఆ కూతను మామూలు పక్షి గొంతు స్థాయిలో ప్లే చేస్తుంటే మీరు వెనక్కి నడుస్తూ పోండి. ఎంత దూరంలో వినపడటం ఆగిందో కొలవండి. మీ వినికిడి హద్దు అది. రెండు వినే చోట్ల మధ్య దూరం దానికి రెట్టింపు మించకూడదు. మించితే మధ్యలో మీరు వినని నేల మిగిలిపోతుంది.

ఇక అడవిలో:

- వెలుగుండగానే చోటికి చేరి, కూర్చునే నేలను కర్రతో తట్టి చూసుకోండి. రక్తపింజర, కట్లపాము తిరిగే వేళ అది.
- సూర్యాస్తమయం అయిన 20 నిమిషాలకల్లా మాటలు, కదలిక బంద్. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో.
- 90 నిమిషాల వరకు కూర్చోండి. ఒక చోట ఇద్దరు చాలు.
- వినపడిన ప్రతి పక్షినీ, సమయంతో, దిక్కుతో రాయండి. తీతువైనా సరే.
- గాలి ఆకులను గట్టిగా కదిలిస్తుంటే ఆ రాత్రిని 'వినలేదు' అని రాయండి, 'లేదు' అని రాయొద్దు.

రికార్డింగ్ ప్లే చేసి పిలవచ్చా అని తప్పకుండా అడుగుతారు. అనుమతిలో ఉంటేనే, అదీ చివరి మార్గంగా. మొదటి మూడు రాత్రులు వట్టిగా వినండి. ఆ తర్వాత ఒక్కో చోట ఒక్కసారి, అర నిమిషం, తక్కువ గొంతుతో. బదులు వస్తే ఆ క్షణమే ఆపేయాలి, ఆ చోట మళ్లీ ప్లే చేయొద్దు. మిగిలిందే కొద్దిపాటి పక్షులు. ఉన్న ఒక్క జంటను శత్రువు వచ్చిందని రాత్రంతా పరుగులు పెట్టించడం మన ఆత్రానికి దాన్ని శిక్షించడమే.

## 7. రికార్డర్లు, కెమెరాలు

మనిషి వారం కూర్చోగలడు, రికార్డర్ నెల కూర్చుంటుంది. అందుకే డబ్బు ఒక్కదానికే ఉంటే కెమెరా వద్దు, ఆటోమేటిక్ సౌండ్ రికార్డర్ కొనండి.

అస్తమయం నుంచి రెండు గంటలు, సూర్యోదయానికి ముందు రెండు గంటలు అని టైమ్ పెట్టండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో రికార్డింగ్ అయితే రోజుకు దాదాపు 1.4 జీబీ అవుతుంది, 32 జీబీ కార్డు మూడు వారాలు వస్తుంది. మొదలుపెట్టగానే తేదీ, సమయం, చోటు మీ గొంతుతోనే చెప్పండి. గడియారం తప్పినా ఆ మాట కాపాడుతుంది.

వచ్చిన ఫైళ్లను రావెన్ లైట్ లేదా ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే శబ్దాన్ని బొమ్మగా మార్చి చూస్తే, సమాన దూరంలో పడే జంట గుర్తులు కంటికే దొరుకుతాయి. అనుమానం వచ్చినవన్నీ విడిగా కోసి పెట్టుకోండి, అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

ట్రాప్ కెమెరాను మట్టి పట్టీ పక్కన, నేలకు జానెడు ఎత్తులో పెట్టండి. పులులకు పెట్టే ఎత్తులో పెడితే పక్షి కింద నుంచి వెళ్లిపోతుంది. తెల్లని ఫ్లాష్ వాడొద్దు, ఇన్‌ఫ్రారెడ్ చాలు. కెమెరా ముందు గడ్డిపోచ ఊగుతుంటే వేల ఖాళీ ఫోటోలు వస్తాయి, దాన్ని పక్కకు వంచి కట్టండి.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పట్టీ నిండా మేకల అడుగులే ఉంటున్నాయి. కాపరితో మాట్లాడండి. మంద ఏ దారిన వస్తుందో చెబితే పట్టీని జరుపుకోవచ్చు. మంద రావొద్దని మాత్రం అనకండి. కాస్త మేత మేస్తేనే పొదల మధ్య నేల తెరుచుకుని ఉంటుంది.

కూత వినపడింది, రికార్డు కాలేదు. రికార్డర్‌ను వినపడ్డాక ఆన్ చేయడం వల్లే ఇది జరుగుతుంది. కూర్చోగానే ఆన్ చేసి, లేచేటప్పుడే ఆపండి.

టార్చ్ వెలుగులో రెండు కళ్లు మెరిశాయి. నైట్‌జార్ కళ్లూ మెరుస్తాయి, సాలీడు కళ్లూ మెరుస్తాయి. మెరుపును లెక్కలోకి తీసుకోవద్దు. ఛాతీ పట్టీలు చూశారా లేదా, అంతే.

బృందం పెద్దదైపోయింది. నలుగురికి మించితే వినడం కుదరదు. మిగతావాళ్లకు పగటిపూట పొదల లెక్క అప్పగించండి.

చీకట్లో దారి తప్పారు. వెలుగుండగానే జీపీఎస్‌లో దారి రికార్డు చేసుకోవాలి. ఆ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒంటరిగా వెళ్లొద్దు.

## 9. వినపడితే

ఒక్కసారి గుండె ఝల్లుమంటుంది. అప్పుడే తొందర పనికిరాదు. లేవొద్దు, దాని వైపు నడవొద్దు. దిక్సూచితో దిక్కు చూసి రాయండి. రెండో వ్యక్తి వేరే చోట ఉంటే ఆయనా దిక్కు రాసుకుంటాడు, ఆ రెండు గీతలు మ్యాపు మీద కలిసే చోటే పక్షి ఉన్నది. ఇద్దరూ మాట్లాడుకోకముందే ఎవరికి వారు విన్నది కాగితం మీద పెట్టండి. మాట్లాడుకున్నాక జ్ఞాపకాలు కలిసిపోతాయి.

మర్నాడు ఫైలు రెండు ప్రతులు తీసి, అటవీశాఖకు, బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) లాంటి సంస్థలో ఈ పక్షి గురించి తెలిసినవాళ్లకు పంపండి. వాళ్లు ఖాయం చేసేదాకా ఎవరికీ చెప్పొద్దు. ఖాయమయ్యాక కూడా జిల్లా పేరు వరకే. ఫోటోలో, ఫైలులో దాగి ఉండే జీపీఎస్ వివరాలు తీసేయండి. వెనక కనిపించే కొండ వరసను బట్టి కూడా చోటు కనిపెట్టేస్తారు, కాబట్టి ఆ ఫోటోను కత్తిరించే పంచుకోండి.

## 10. ఏమీ వినపడకపోతే

దాదాపు ఎప్పుడూ జరిగేది ఇదే. ఆ రాత్రులు వృథా అని పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ. ఎన్ని ఖాళీ రాత్రులైతే 'ఇక్కడ లేదు' అనొచ్చో లెక్క కట్టొచ్చు. పక్షి ఉన్నచోట ఒక రాత్రి కూర్చుంటే అది వినపడే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. అప్పుడు 14 రాత్రులు వరసగా తప్పిపోయే అవకాశం 5 శాతం లోపుకు దిగుతుంది. అవకాశం పదింట ఒకటే అయితే 29 రాత్రులు కావాలి. మూడు రాత్రులు కూర్చుని లేదని తేల్చిన చోట్లన్నీ అసలు వెతకనట్టే లెక్క.

ఒకసారి 'లేదు' అన్న ముద్ర పడితే ఆ పొదల నేల మీదికి తోట, క్వారీ, రోడ్డు ఏది వచ్చినా అడ్డుకోవడం కష్టం. అందుకే ఖాళీ రాత్రికి కూడా పూర్తి వరస రాయాలి:

- తేదీ, చోటు, కూర్చున్న సమయం, లేచిన సమయం
- గాలి, మబ్బు, వెన్నెల
- ఎంతమంది, ఏ రికార్డర్
- ప్లేబ్యాక్ చేశారా, ఎన్నిసార్లు
- వినపడిన మిగతా పక్షులన్నీ
- దగ్గర్లో బోరు మోటారు, లారీల చప్పుడు ఉందా

ఆ పట్టికను అటవీశాఖకు ఇచ్చిన ప్రతిలోనూ పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లు మీ పదిహేనో రాత్రి నుంచి మొదలుపెట్టుకుంటారు.